మానిన చదువు, మాన్పించిన చదువు

మహాకవులు బడిలో నిలువలేదన్న మాట సాహిత్య సభలలో తరచు వినవచ్చేదే. రవీంద్రుడు నాలుగు బడులు మారినా ఒకదానిలోనూ కుదురుగా కూర్చుండలేక పోయినాడు. శరత్‌బాబు ఎంట్రన్సు పరీక్ష దాటి, కళాశాలలో చేరి, ఎఫ్.ఏ. ముగియకుండానే చదువుకు స్వస్తి చెప్పినాడు. కన్నడదేశంలో శివరామ కారంత్, హిందీలో జైనేంద్రకుమార్, గాంధీజీ పిలుపు విని కళాశాలలు విడిచినారు. కేరళలో వైక్కం ముహమ్మద్ బషీర్ బడి వదలి 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొనుటకు కోళిక్కోడ్ చేరి, అక్కడినుండి చెరసాలకు పోయినాడు. ఈ పేర్లను వరుసగా చదివి, ప్రతిభకు పట్టాతో పనిలేదని ముగించడం వక్తలకు పరిపాటి అయినది. సభలోని వారు చప్పట్లు కొట్టుతారు. ఇంటికి పోయి తమ పిల్లలను మాత్రం మరునాడు వేళకు బడికి పంపుతారు.

వక్తల నిర్ణయంలో అసత్యం లేదు, కొరత ఉన్నది. బడి విడిచి గ్రంథకర్తలైన వారినే ఆ పట్టిక లెక్కిస్తుంది. బడి విడిచి మరల ఎవరి కంటికీ కానరాని వారు అందులోకి ఎక్కరు. అంతకంటె పెద్ద లోపం ఇంకొకటి కలదు. తెలుగులో 'చదువు మానినాడు' అన్నది ఒక మాట, 'చదువు మాన్పించినారు' అన్నది మరొక మాట. మొదటి వాక్యంలో కర్త విద్యార్థి. రెండవ వాక్యంలో విద్యార్థి కర్త కాడు. అతని పేరు కూడ అక్కడ అక్కరలేదు. పల్లెలలో మగపిల్లవానిని గురించి మొదటి మాటను, ఆడపిల్లను గురించి రెండవ మాటను సహజంగా వాడుతారు. వ్యవహారంలో ఇంత స్పష్టమైన భేదం సాహిత్య చర్చలోకి రాగానే మాసిపోతున్నది. ఈ భేదాన్ని విడువక పట్టుకొన్నవారు కథకులు. చదువు ఎందుకు ఆగినదో, ఆగిన తరువాత ఏమైనదో, ఆధునిక భారతీయ నవల ఎంతో ఓపికతో చెప్పుతూ వచ్చినది. ఆ కథలను ఒకదాని ప్రక్కన ఒకటి ఉంచి చదివినప్పుడు పై పట్టిక అర్థమే మారిపోతుంది.

రవీంద్రుని విషయం ముందుగా చూడవలె. ఓరియంటల్ సెమినరీ, నార్మల్ స్కూలు, బెంగాల్ అకాడమీ, సెయింట్ జేవియర్స్—వీటి గోడల మధ్య గడిపిన దినాలను ఆయన 1912లో వెలువడిన 'జీవన స్మృతి'లో చేదుగానే తలచుకొన్నాడు. అయితే ఆ గ్రంథమే మరొక సంగతిని కూడ చెప్పుతున్నది. తెల్లవారకముందే కుస్తీ, ఆపైన గణితం, ప్రకృతిశాస్త్రం, చిత్రలేఖనం, సంగీతం. ఒకరి వెంట ఒకరుగా ఇంటికి వచ్చే గురువులు. అన్నగారు హేమేంద్రనాథుని పర్యవేక్షణ. ఇల్లంతా పత్రికలు, నాటకాలు, పాటలు. జొరాసాంకో భవనమే ఒక విద్యాపీఠం. బడి విడిచిన బాలుడు బడికంటె పెద్దదైన బడిలో ప్రవేశించినాడు. 1878లో ఇంగ్లండు పోయి, లండన్ యూనివర్సిటీ కాలేజీలో కొంతకాలం చదివి, 1880లో పట్టా లేకుండ తిరిగివచ్చిననాడు కూడ రేపటి భోజనం ఎట్లా అన్న ప్రశ్న ఆయన ముందు నిలువలేదు.

ఈ సంగతి అందరికంటె బాగుగా ఎరిగినవాడు రవీంద్రుడే. ఆయన 1892 నాటి 'ఛుటీ' కథలో ఫటిక్ అనే పల్లెటూరి బాలుడు మేనమామ వెంట కలకత్తా పోతాడు. అక్కడ బడిలో వానికి పాఠం తలకెక్కదు, పాఠ్యపుస్తకం పోగొట్టుకొంటాడు, అత్తగారి ఇంట వాని ఉనికి ఎవరికీ రుచించదు. వర్షంలో ఇల్లు విడిచి పారిపోయి, జ్వరంతో తిరిగి తేబడి, సంధిలో ఓడ కళాసుల వలె నీటిలోతు కొలుస్తూ, చివరకు తల్లిని చూచి తనకు సెలవు వచ్చినదని అంటాడు. ఫటిక్‌కు జొరాసాంకో లేదు. బడినుండి పారిపోయినవాడు పోవలసిన ఇల్లు నూరామడల దూరంలో ఉన్నది. కథ పేరును తెలుగులో 'సెలవు' అనవచ్చును. అదృష్టవశాన ఆ మాటకు మనలో బడికి వచ్చే సెలవనీ, వెళ్ళిపోయేవాడు తీసుకొనే సెలవనీ రెండర్థాలు కలవు. అనువాదంలో మూలం తరిగిపోతుందని అంటారు గాని, ఇక్కడ తెలుగు మాట కథకు ఏ నష్టమూ కలిగించదు.

ఫటిక్‌ను సృష్టించిన చేయి 1901లో శాంతినికేతనంలో గుప్పెడు పిల్లలతో బడి పెట్టినది. 1921లో విశ్వభారతిని స్థాపించినది. ఆ 1921లోనే సహాయ నిరాకరణోద్యమం విద్యార్థులను కళాశాలల నుండి బయటకు పిలుచుచుండగా, విదేశంలో ఉన్న రవీంద్రుడు సి.ఎఫ్. ఆండ్రూస్‌కు వ్రాసిన లేఖలో తన సంశయాన్ని దాచుకొనలేదు. వంగ విభజన నాటి స్వదేశీ ఉద్యమంలో కూడ తనను విద్యార్థులు అడిగినారనీ, బదులుగా ఏదీ చూపకుండ ఉన్న బడిని వదలమనడానికి తాను ఒప్పుకొనలేదనీ ఆయన తాత్పర్యం. గాంధీజీ దీనికి 'యంగ్ ఇండియా'లో ప్రత్యుత్తరం వ్రాసినారు. బడులను ద్వేషించిన కవి బడి విడువవద్దనడం వైరుధ్యంగా తోచవచ్చును. శూన్యంలోకి అడుగుపెట్టుట ఎంత భయంకరమో ఫటిక్ మరణశయ్య ప్రక్కన కూర్చున్నవానికి తెలియక పోదు.

ఉద్యమ నాయకులు కూడ ఈ శంకను పూర్తిగా త్రోసిపుచ్చలేదు. 1920లో గుజరాత్ విద్యాపీఠం, జామియా మిల్లియా, 1921లో కాశీ విద్యాపీఠం వెలసినవి. మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల అప్పటికే, 1910 నుండి, నడుచుచున్నది. కాశీ విద్యాపీఠంలో చదివి 'శాస్త్రి' పట్టం పొందిన లాల్ బహదూర్ ఆ పట్టాన్నే ఇంటిపేరు వలె ధరించి దేశ ప్రధాని అయినాడు. ఒక తలుపు మూసినవారు మరొక తలుపు తెరచిన సందర్భమిది. అందువలన కారంత్, జైనేంద్రుల చదువు ఆగుటను త్యాగమనవచ్చును. వారికి ఎదురుగా ఒక దేశం నిలిచి ఉన్నది. వారు విడిచినది ఏమిటో, ఎందుకో వారికి తెలుసును. ఆ తరంలో చదువు మానుట సిగ్గుపడవలసిన సంగతి కాక, చెప్పుకొనదగిన సంగతి అయినది.

ఉద్యమం లేనివాడు, జొరాసాంకో లేనివాడు ఏమైనాడు? ఈ ప్రశ్నకు తెలుగు పాఠకులకు చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ వంటి అనువాదకుల మూలంగా సన్నిహితుడైన శరత్‌చంద్రుడు ఒక సమాధానం చెప్పినాడు. 1917లో గ్రంథరూపం పొందిన 'శ్రీకాంత్' మొదటి భాగంలో ఇంద్రనాథుడు పండితుని పిలక కత్తిరిస్తాడు; ప్రధానోపాధ్యాయుని శిక్షకు గురి అవుతాడు; బడి కంచె దుమికి ఇంటికి పోయి ఇక ఆ వైపు చూడడు. అటు తరువాత అర్ధరాత్రి గంగలో పడవ, చేపల దొంగతనం, పాములవాని భార్యగా బ్రతుకుతున్న అన్నదాదీదీ దుఃఖం. అనాథ బాలుని శవాన్ని ఎత్తుకొన్నప్పుడు శవానికి కులమేమిటని అడుగగల హృదయం వానిది. ఏ పాఠశాలా నేర్పని ధర్మం ఇంద్రనాథునిలో ఉన్నదని పాఠకుడు ఒప్పుకొంటాడు. కాని శరత్‌బాబు ఈ పాత్రను తుదివరకు నడిపించలేదు. ఒకనాడు ఇంద్రనాథుడు ఇల్లు విడిచి పోతాడు. మరల ఎవరికీ కనిపించడు.

ఈ అదృశ్యాన్ని చాలమంది కవితాత్మకమని మెచ్చినారు. అందులో కవిత్వమున్న మాట నిజమే. రచయితకు అది ఒక సౌకర్యం కూడ. బడి కంచె దుమికిన బాలుడు ఇరువది యేండ్లవాడై, ముప్పది యేండ్లవాడై, ఏ పని చేసి బ్రతుకుతున్నాడో చెప్పవలసి వచ్చినచో ఆ మెరుపు నిలుచునా? శరత్‌బాబుకు ఆ సమాధానం స్వానుభవంగా తెలిసియే ఉండవలె. డబ్బులేక కళాశాల విడిచిన ఆయన 1903లో రంగూన్ పోయి, గణాంక కార్యాలయంలో గుమాస్తాగా చాల యేండ్లు గడిపి, 1916లో తిరిగివచ్చినాడు. ఆ గుమాస్తా బల్లను ఇంద్రనాథునికి చూపడానికి ఆయనకు మనసు ఒప్పలేదేమో. బడి విడిచిన వీరుని కథ భారతీయ పాఠకుని మనస్సులో ఎప్పుడూ కంచె దుముకుటతోనే ఆగిపోవుటకు ఇంద్రనాథుడు కొంత కారణం.

ఆ కంచెకు ఆవలి నేలను అడుగడుగునా నడిచి చూపినవాడు విభూతిభూషణ్ బందోపాధ్యాయ. ఆయన బి.ఏ. వరకు చదివి, ఎం.ఏ.లోను న్యాయశాస్త్రంలోను చేరి, వ్యయం భరింపలేక విడిచి, బడిపంతులు అయినాడు. 'పథేర్ పాంచాలి'కి అనంతరభాగంగా 1932లో గ్రంథరూపం పొందిన 'అపరాజితో'లో అపు కలకత్తాలో చదువుచు, తల్లిని పోగొట్టుకొని, డబ్బులేక చదువు నిలుపుతాడు. ఇక్కడ పండితుని పిలక లేదు, కంచె లేదు, దుముకుట లేదు. చదువు ఒక దినాన ఆగలేదు. నూనె అయిపోయిన దీపం వలె మెల్లగా కొండెక్కినది. సత్యజిత్ రాయ్ 1959లో తీసిన 'అపుర్ సంసార్' చిత్రం ఇక్కడినుండియే మొదలవుతుంది. ఆచార్యుడు యోగ్యతాపత్రం వ్రాసి ఇచ్చి, చదువు ముగించుమని హితవు చెప్పుతాడు. ఆ పత్రాన్ని పట్టుకొని అపు ఉద్యోగానికి తిరుగుతాడు. ఒక బడిలో అతని చదువు ఆ పనికి మించిపోయినది. మరొకచోట సీసాలకు చీటీలు అంటించే పని. అక్కడివారి నిర్జీవమైన ముఖాలను చూచి వెనుదిరుగుతాడు. ఒకచోట చదువు ఎక్కువ, ఒకచోట పనియే తక్కువ: సగం చదివినవాని స్థితిని ఇంత సూక్ష్మంగా చూపిన దృశ్యాలు అరుదు. అపుకు ఇంకా మిగిలినది ఒకటే, తాను వ్రాస్తున్న నవల. చిత్రంలో భార్య మరణించిన తరువాత ఆ కాగితాలను కొండమీద నుండి గాలికి వదలివేస్తాడు. విభూతిభూషణుని నవలలో మాత్రం అపు పుస్తకం అచ్చు అవుతుంది. ఈ రెండు ముగింపులను గుర్తుంచుకొనవలె. వీటి ప్రక్కన మూడవ వ్రాతప్రతి ఒకటి రానున్నది.

తెలుగులో ఈ విషయాన్ని నేరుగా చేపట్టినవాడు కొడవటిగంటి కుటుంబరావు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో ఎం.ఎస్‌సి. చదువుచు, ఆర్థిక మాంద్యం దెబ్బకు రెండవ సంవత్సరంలో చదువు విడిచినవాడాయన. ఆయన నవల పేరే 'చదువు'. మొదటి ప్రపంచయుద్ధ కాలంనుండి మాంద్యం వరకు సుందరం అనే బాలుని పెరుగుదలను అనుసరించి సాగే ఈ నవలలో కన్నీరు తక్కువ, లెక్క ఎక్కువ. మధ్యతరగతి బ్రాహ్మణ కుటుంబం పొలంమీది ఆదాయాన్ని చదువుమీద పెట్టి, ఉద్యోగంగా తిరిగి రాబట్టుకొనదలచినది. ధరలు పడిపోగానే పొలమూ పలుకలేదు, పట్టా కూడ పలుకలేదు. కుటుంబరావు ప్రత్యేకత ఇక్కడ ఉన్నది: చదువు ముగించినవానికీ ముగించనివానికీ నడుమ ఉన్న గోడ మాంద్యంలో ఎంత పలుచబడినదో ఆయన చూచినాడు. పట్టాను తూలనాడలేదు, పూజించలేదు. దానికి బజారులో ఎప్పుడు ఎంత ధర పలికినదో చెప్పి ఊరుకొన్నాడు. పొడిగా ఉన్నదని నిందించినవారు ఆ పొడితనమే విషయానికి తగిన శైలి అని గుర్తించలేదు.

ఇంతవరకు చెప్పిన వారందరూ మగపిల్లలు. అపు సైతం, ఎంత బీదవాడైనా, తన చదువు ఆపివేయుటలో తానొక కర్త. వీధి అతనిది; రైలు అతనిది; పనికిరాదని ఒక పని వదలి వెనుదిరిగే స్వేచ్ఛ అతనిది. 'మాన్పించిన చదువు' కథ వేరుచోట ఆరంభమవుతుంది.

1944లో వెలువడిన బషీర్ చిన్న నవల 'బాల్యకాలసఖి'లో మజీద్, సుహరా ఇరుగుపొరుగు పిల్లలు, ఒకే బడి. ఒకటీ ఒకటీ కలిస్తే ఎంత అని పంతులు అడిగితే, రెండు ఏరులు కలిసి ఒక పెద్ద ఏరు కావడం చూచిన మజీద్, కొంచెం పెద్ద ఒకటి అవుతుందని చెప్పి దెబ్బలు తింటాడు. ఈ సన్నివేశాన్ని అందరూ గుర్తుంచుకొంటారు. బడిమీద కవి విసిరిన వ్యంగ్యమని ఉదాహరిస్తారు. లెక్కలు రాని మజీద్‌కు లెక్కలు చెప్పినది సుహరా అన్న సంగతి మాత్రం మరచిపోతారు. తరగతిలో చురుకైనది ఆమె. సుహరా తండ్రి మరణించినాడు. మజీద్ పట్నంలోని పెద్దబడికి పోయినాడు. సుహరాను కూడ చదివించుమని మజీద్ తల్లి ప్రాధేయపడగా, కలిగినవాడైన తండ్రి ఒప్పుకొనలేదు. అంతే, ఒక పుటలో ఆమె చదువు ముగిసినది. బషీర్ ఇక్కడ ఒక్క నిట్టూర్పు కూడ వదలడు. బడికి తగనివాడు బడికి పోయినాడు, తగినది ఇంట మిగిలినది. ఆ చిన్నారి ఒకటిని పెద్దది చేయవలసిన రెండవ ఏరు అక్కడ ఇంకిపోయినది.

తరువాత మజీద్ తండ్రి కోపానికి ఇల్లు విడిచి, దేశాలు తిరిగి, సంవత్సరాల అనంతరం వచ్చి చూచేసరికి ఇంటి సంపద పోయినది. సుహరా ఒక కసాయివాని భార్యయై, దెబ్బలు తిని, వన్నె తరిగి ఉన్నది. మజీద్ మరల పట్నం పోయి, కాలు పోగొట్టుకొని, హోటలులో గిన్నెలు కడుగుతాడు. చదువు ఆగినవారిద్దరి 'తరువాత'లను బషీర్ ఇట్లు ఒకే చట్రంలో ఉంచినాడు. మజీద్ దుఃఖం చిన్నది కాదు. అయినా అతని దుఃఖానికి ఊళ్ళు ఉన్నవి, దారులు ఉన్నవి. సుహరా దుఃఖం రెండు ఇళ్ళ నడుమనే తిరిగినది.

ఈ రెండు ఇళ్ళ నడుమ కథను మూడు తరాల పొడవున వ్రాసినది ఆశాపూర్ణాదేవి. ఆమె ఏ పాఠశాలకూ పోలేదు. 1964లో వెలువడి, తరువాత 1976లో జ్ఞానపీఠ పురస్కారాన్ని తెచ్చిన 'ప్రథమ ప్రతిశ్రుతి'లో సత్యవతి పల్లెలో పుట్టి, పట్టుదలతో అక్షరాలు నేర్చి, భర్తను ఒప్పించి కలకత్తాలో కాపురం పెట్టి, తన కూతురు సువర్ణను బడికి పంపుతుంది. సెలవులలో తండ్రి వెంట పల్లెకు పోయిన ఆ పసిపిల్లకు, తల్లికి తెలియకుండ, నాయనమ్మ పెండ్లి చేసివేస్తుంది. వార్త తెలిసి వచ్చిన సత్యవతి ఆ ఇంట అడుగుపెట్టకుండ, భర్తను, సంసారాన్ని విడిచి కాశీకి పోతుంది. ఇబ్సెన్ నోరాను తలచి ఈ సన్నివేశాన్ని పోల్చినవారు కలరు. పోలికకు ఒక హద్దు ఉన్నది. నోరా తన కొరకు తలుపు వేసినది. సత్యవతి ఇల్లు విడిచినది ఒక బాలిక చదువు మాన్పించినందుకు. బడి ఆగుటను ఒక సంసారం కూలదగినంత పెద్ద అపరాధంగా ఎంచిన నవల అంతకు ముందు భారతీయ సాహిత్యంలో ఉన్నదా అన్నది సందేహమే.

సువర్ణకు ఏమైనదో చెప్పడానికి ఆశాపూర్ణ మరొక నవల, 1967 నాటి 'సువర్ణలత', వ్రాయవలసి వచ్చినది. అందులో పునరుక్తి ఉన్నది. అత్తింటి సన్నివేశాలు ఒకదానిని ఒకటి పోలి విసుగు కలిగించును. ఆ విసుగు సువర్ణ బ్రతుకులోనే ఉన్నదని ఆమె అభిమానులు సమర్థింతురు. ఆ సమర్థన సగమే చెల్లును. కాని రెండు ఘట్టాల ముందు ఏ ఆక్షేపణా నిలువదు. కొత్త ఇంటికి వీధి కనిపించే వసారా ఉండవలెనని సువర్ణ కోరుకొంటుంది. భర్త సరేనంటాడు, గృహప్రవేశం నాడు చూస్తే వసారా లేదు. అపు వీధులన్నీ తిరిగి వద్దనుకొన్నాడు. సువర్ణకు వీధిని చూచే చోటుకూడ దొరకలేదు. రెండవ ఘట్టం ఇంకా క్రూరమైనది. నడివయసు దాటిన సువర్ణ రహస్యంగా తన జ్ఞాపకాలను వ్రాసి, ఒక చిన్న అచ్చుకూటంలో అచ్చు వేయించుతుంది. తప్పుల తడకగా వచ్చిన ఆ పుస్తకాన్ని చూచి ఇంటివారు, కన్న కొడుకులతో సహా, నవ్వుతారు. ఆమె ప్రతులన్నిటినీ మేడమీద కాల్చివేస్తుంది.

అపు కాగితాలను గాలికి వదలినప్పుడు ప్రేక్షకుడు కొండల అందాన్ని కూడ చూస్తాడు. ఆ త్యాగంలో ఒక ఉదాత్తత ఉన్నది. మరల వ్రాయదలచినచో అతనిని ఆపేవారు లేరు. సువర్ణ కాల్చినది తన అక్షరదోషాలను. ఆ దోషాలు అచ్చుకూటానివో, ఆగిపోయిన బడివో, నవ్వినవారు విచారించలేదు. చదువు మాన్పించిన వారే చదువు చాలదని నవ్వుట: మాన్పించిన చదువుకు 'తరువాత' ఇదియే. ఆమె కూతురు బకుల్ రచయిత్రి అయి, మూడవ నవల 'బకుల్ కథ'లో కనిపిస్తుంది. తల్లి కాల్చిన పుస్తకాన్ని తిరిగి వ్రాయుటకు ఒక తరం పట్టినది.

ఈ విచారణ స్త్రీల కథతో ముగియదు. ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో ప్రకటించిన ఆత్మకథ 'జూఠన్' బడి తలుపును లోపలి నుండి మూసే చేతులను చూపినది. ఉత్తరప్రదేశ్‌లోని బర్లా గ్రామంలో చుహ్రా కులంలో పుట్టిన బాలునికి ప్రధానోపాధ్యాయుడు అక్షరాలకు బదులు చీపురు ఇచ్చినాడు. మూడవనాడు అటుగా వచ్చిన తండ్రి చూచి, చీపురు లాగి పారవేసి, గురువును ఎదిరించినాడు. ఆరవ తరగతికి డబ్బులేక చదువు ఆగబోగా, వదినగారు కాలి వెండి పట్టా తీసి తాకట్టు పెట్టుమన్నది. పన్నెండవ తరగతిలో రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు ప్రయోగశాలకు రానీయకుండ చేయగా, ప్రయోగ పరీక్షలో మార్కులు పోయి తప్పినాడు. తరువాత డెహ్రాడూన్‌లో కళాశాల విడిచి, ఆయుధ కర్మాగారంలో శిక్షణకు చేరినాడు. ఈ చదువు మానినదా, మాన్పించినదా? పత్రాలలో ఆయనే మానినట్లుండును. పుస్తకం చదివినవానికి ప్రతి మెట్టు వద్ద ఒక చేయి కనిపిస్తుంది. త్రోసిన చేతులు చాల, నిలిపిన చేతులు రెండో మూడో. కుల విషయం ఎత్తని బడి విమర్శ, బడిగోడల ఎత్తును మాత్రమే కొలిచి తలుపును చూడని విమర్శ అవుతుంది.

ఇటీవలి కాలంలో ఈ వరుసకు చేరిన గ్రంథం బేబీ హాల్దార్ 'ఆలో ఆంధారి'. తల్లి ఇల్లు విడిచిపోగా, బడి చదువు మధ్యలో ఆగి, పన్నెండవ యేట పెండ్లియై, తరువాత పిల్లలను వెంటబెట్టుకొని ఢిల్లీ ప్రాంతానికి వచ్చి ఇళ్ళలో పనిచేసిన స్త్రీ ఆమె. ఆమె పనిచేసిన ఇంటి యజమాని ప్రబోధ్ కుమార్ పుస్తకాల దుమ్ము దులిపేటప్పుడు ఆమె చూపు వాటిమీద నిలుచుట గమనించి, చదువుమని పుస్తకం, వ్రాయుమని కలము నోటుపుస్తకము ఇచ్చినాడు. ఆమె వంగభాషలో వ్రాసినది ఆయన హిందీ అనువాదంగా 2002లో మొదట వెలువడినది. దీనిని ప్రతిభకు పట్టాతో పనిలేదన్న సూత్రానికి మరొక ఉదాహరణగా సభలలో చెప్పినవారు ఉండవచ్చును. గ్రంథం చెప్పేది వేరు. బడిని గురించి ఆమె తలపోసినప్పుడల్లా అక్కడ ద్వేషం లేదు; రవీంద్రుని చేదు లేదు. బడి ఆమెకు పోగొట్టుకొన్న సుఖం. బడిని నిందించే హక్కు కూడ బడిలో కొంతకాలం సుఖంగా కూర్చున్నవారికే దక్కుతుందని ఈ పుస్తకం మౌనంగా బోధిస్తున్నది.

ఒక ఆక్షేపణ రావచ్చును. నవలను నవలగా చదువవలె గాని సాంఘిక గణాంక పత్రంగా చదువరాదని. ఆ మాట సమంజసమే. అయితే పైని చూపిన భేదం నవలల వస్తువులోనే కాక, రూపంలోనే ఇమిడి ఉన్నది. చదువు మానిన బాలుని కథ ప్రయాణ కథ అవుతుంది: ఊళ్ళు మారుతవి, మనుష్యులు మారుతారు, కథ ముందుకు పోతుంది. 'శ్రీకాంత్', 'అపరాజితో' అందుకే అంత హాయిగా సాగుతవి. చదువు మాన్పించిన బాలిక కథకు ప్రయాణం లేదు. అందువలన బషీర్ దానిని ఒక పుటకు కుదించి మిగిలినది మౌనానికి వదలినాడు. ఆశాపూర్ణ ఒకే ఇంటిలో వందల పుటలు త్రిప్పినది. సంక్షేపమూ విస్తరమూ రెండూ ఒకే చిక్కుకు రెండు పరిష్కారాలు. కదలిక లేని జీవితాన్ని కదిలే కథగా ఎట్లు చెప్పవలె? భారతీయ నవల ఎదుర్కొన్న శిల్ప సమస్యలలో ఇది ఒకటి. విమర్శ దానిని గుర్తించవలసినంత గుర్తించలేదు.

కాబట్టి సభలలో చదివే పట్టికను చింపివేయనక్కరలేదు. దానికి రెండవ పుట చేర్చవలె. మొదటి పుటలో రవీంద్రుడు, శరత్‌చంద్రుడు, కారంత్, బషీర్ ఉండనిండు. రెండవ పుటలో ఫటిక్, సుహరా, సువర్ణ ఉండవలె. వారు కల్పిత పాత్రలే. కాని మొదటి పుటలోని వారు వారిని కల్పించినది ఊరకనే కాదు. తమకు దొరికిన దారి అందరికీ దొరకదని ఎరిగి, దొరకనివారి పేర్లను వారు తమ పుస్తకాలలో వ్రాసి ఉంచినారు.

'బాల్యకాలసఖి' చివరలో మజీద్‌కు సుహరా మరణవార్త అందుతుంది. అప్పుడు అతనికి జ్ఞాపకం వస్తుంది: తాను ఊరు విడిచి బండి ఎక్కబోయే వేళ ఆమె ఏదో చెప్పబోయినది, ఇంతలో బండి కూత వినిపించినది, ఆమె మాట ముగియలేదు. ఆమె చెప్పదలచినది ఏమిటో అతనికి ఎన్నటికీ తెలియదు. బషీర్ నవల ఆ ప్రశ్నతోనే ఆగినది. మధ్యలో ఆగిన చదువును గురించి వ్రాసే ప్రతి విమర్శకుడూ ఆ ముగియని మాట ముందు ఒక క్షణం ఆగవలె. తరగతిలో అందరికంటె చురుకైన ఆ పిల్ల ఏమి చెప్పి ఉండేదో ఊహించుట ఎవరి తరమూ కాదు. ఆమె మాటను మధ్యలో ఆపినవారెవరో అడుగుట మాత్రం అసాధ్యం కాదు.